గొంతు చూసే మల్లమ్మ

మొదటిసారి నేను చూసినప్పుడు మల్లమ్మ కుడిచేయి మోచేతి దాకా మా ఎద్దు నోట్లో ఉంది.

అది 1955 వేసవి. గిద్దలూరులో మా నాయన కిరాణా దుకాణానికి సరుకు తోలే బండి ఎద్దు పచ్చి మామిడికాయను నమలకుండా మింగింది. కాయ గొంతుకు అడ్డం పడింది. ఎద్దు కడుపు ఉబ్బి, కళ్ళు తేలేసి దుకాణం ముందు నిలబడిపోయింది. పశువుల డాక్టరు కంభం పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. మా బండివాడు సైకిలెక్కి రాచర్ల పక్కన ఏదో పల్లెకు పోయి, వెనక కూర్చోబెట్టుకుని ఒక గొర్రెల కాపరి ఆవిడను తీసుకొచ్చాడు. బక్కపలచని మనిషి, నలభై దగ్గర పడి ఉంటాయి. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు పొడుగ్గా, సన్నగా ఉన్నాయి.

ఆవిడ చేయి కడుక్కుంది. మోచేయి దాటేదాకా ఆముదం పూసుకుంది. ఎద్దు దవడల మధ్య అడ్డంగా రోకలి ముక్క పెట్టించి ఇద్దర్ని కొమ్ములు పట్టుకోమంది. చేయి లోపలికి పంపాక ఎద్దు వైపు చూడనే లేదు. వీధి చివర ఎవరో పోతుంటే వాళ్ళను చూస్తూ నిలబడింది. నేను ఊరుకోలేక, "చూడకుండా ఎట్ల తీస్తావు?" అని అడిగాను.

"నేను చూస్తే చేతి ఏళ్ళు చూడవు శెట్టీ," అంది.

అని నిమిషం కాకముందే మామిడికాయ బయటికొచ్చింది. మా అమ్మ చీర పెట్టబోతే వద్దని, ఒక కొబ్బరికాయ మాత్రం ఒళ్ళో వేసుకుని నడిచి వెళ్ళిపోయింది.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. నా పేరు ఉమామహేశ్వర్లు. దుకాణంలో కూర్చోమంటే కూర్చోక, మందుల సీసాల మీద మోజుపడి ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరినవాణ్ణి. ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ లేదు. ఈ మాట నాది కాదు, మా నాయన ఎత్తిపొడుపు. మనిషి ఒంట్లో ఏది ఎక్కడుందో, ఏది ఏం చేస్తుందో నాలుగు ముక్కలు పుస్తకాల్లో చదివి, దొరికిన వాళ్ళందరికీ పాఠం చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు పారిపోయేవాళ్ళు. పారిపోకుండా కూర్చుని, ఎదురు ప్రశ్నలు వేసి నన్ను తిప్పలు పెట్టింది మల్లమ్మ ఒక్కతే.

ఆవిడ పుట్టిల్లు అర్ధవీడు. రాచర్ల దగ్గరి నాగులుకు ఇచ్చారు. అరవై గొర్రెలు, పది మేకలు, వాన పడితే ఎకరం కొర్ర. పిల్లలు లేరు. గొంతు చూడటం అత్త దగ్గర నేర్చుకుంది. అత్త చేయి లావెక్కి ఇక దూరని రోజున కోడలి చేతికి ఆముదం పూసి, మూడు మాటలు చెప్పి అప్పగించిందట. ఎవరు పిలిచినా పోవాలి. కొబ్బరికాయ తప్ప మరేదీ తీసుకోకూడదు. లోపలికి పోయిన చేయి ఖాళీగా బయటికి రాకూడదు. ఖాళీగా వస్తే ఆ ఇంట్లో ఇంకో ప్రాణం పోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని ముల్లో, టెంకో, గడ్డిపోచో ఏదో ఒకటి చేతికి తగిలేదాకా మల్లమ్మ వెతుకుతూనే ఉండేది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఖాళీగా రాలేదని గర్వంగా చెప్పుకునేది.

సంతకు వచ్చినప్పుడల్లా ఆస్పత్రి మందుల కిటికీ దగ్గర కూర్చునేది. ఒకసారి ఇలా అడిగింది:

"శెట్టీ, గొర్రెను కోసినాంక తోలు ఒలిసేటప్పుడు తొడకాడ కండ గిలగిలా ఆడతాది. తల తీసి పక్కన పెట్టింటాం గదా. ఇంక దాన్ని ఆడమని చెప్పేదెవురు?"

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అలాంటి ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నవాణ్ణి. తలలోని మెదడు ఆజ్ఞ ఇస్తుందనీ, ఆ ఆజ్ఞ వెన్నెముక లోపలి తెల్లటి తాడు గుండా దిగి, అక్కడినుంచి దారాల్లాంటి నరాల్లో పడి ఒక్కో కండకూ చేరుతుందనీ, అప్పుడు కండ ముడుచుకుంటేనే వేలైనా వంగుతుందనీ చెప్పాను. తల తెగినా నరంలోనూ కండలోనూ కాసేపు ఆ శక్తి మిగిలి ఉంటుంది, అందుకే తనంతట తాను అదురుతుంది అన్నాను. ఆవిడ ఊఁ కొట్టింది. అయితే గొర్రెలకు వచ్చే తిరుగుడు రోగం కూడా ఇదేనా అంది. ఆ రోగం వచ్చిన గొర్రె ఒకే పక్కకు గిరగిరా తిరిగి పడిపోతుంది. చచ్చాక తల పగలగొట్టి చూస్తే మెదడులో నీళ్ళ బుడగ ఉంటుంది. "బుడగ ఏ పక్కనుంటే ఆ పక్కకే తిరుగుతాది. నేను మూడు తలకాయలు చూసినా," అంది. నాకు ఆ విషయం తెలియదు. తెలిసినట్టు తలాడించాను.

1958 ఉగాది వెళ్ళిన వారానికి మల్లమ్మకు ఓబులేసు ఇంటినుంచి పిలుపు వచ్చింది. ఓబులేసు వాళ్ళ ఊరి రైతే. అతని బర్రె రెండు రోజులుగా మేత ముట్టటం లేదు. నోటినుంచి తీగలు తీగలుగా చొంగ కారుతోంది. కింది దవడ వేలాడుతోంది. అరిస్తే గొంతు బొంగురుపోయి వింతగా వినిపిస్తోంది. ఆ ఊళ్ళో ఎవర్ని అడిగినా గొంతులో ఏదో ఇరుక్కుందనే అంటారు. నన్నడిగినా ఆనాడు అదే అని ఉండేవాణ్ణి.

అక్కడ జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది. చేయి పెట్టగానే ఏదో తేడాగా తోచిందట. మామూలుగా పశువు గొంతు లోపలికి వచ్చిన చేతిని బిగించి పట్టుకుంటుంది. నాలుక నెడుతుంది. ఆ బిగువు మధ్యలోంచే వెతకాలి. ఈ బర్రె గొంతు చేతిని పట్టుకోలేదు. నాలుక తడిగుడ్డలా పడి ఉంది. ఎంత లోపలికి పోయినా ఏమీ తగల్లేదు. అప్పుడే తీసేసి ఉండాల్సింది. కానీ చేయి ఖాళీగా రాకూడదు కదా. ఒకసారి కాదు, మూడుసార్లు పెట్టింది. మూడోసారి వెనక పళ్ళకు రాసుకుని వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది. చివరికి దవడ సందులో చిక్కుకున్న గడ్డి ఉండ ఒకటి దొరికితే దాన్ని బయటికి లాగి, అదే అడ్డం పడిందని అందరికీ చూపించి, కొబ్బరికాయ తీసుకుని ఇంటికి పోయింది.

రెండు రోజులకు బర్రె వెనక కాళ్ళు పడిపోయి, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ చచ్చిపోయింది.

ఆ మర్నాడే ఓబులేసు దగ్గు మందుకోసం మా ఆస్పత్రికి వచ్చాడు. సీసా నింపుతుంటే ఊరికే కబురుగా ఇదంతా చెప్పాడు. నా చేతిలో సీసా ఆగిపోయింది. అతన్ని లోపలికి, డాక్టరు చెన్నకేశవరావుగారి దగ్గరికి తీసుకుపోయాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, మాట తక్కువ.

"బర్రెను కుక్క ఏమైనా కరిచిందా?" అని అడిగారాయన.

"నెల కింద ఒక ఊరకుక్క మూతిమీద పీకినాది సార్. పసుపు పెట్టినా. మానిపోయినాది."

డాక్టరుగారు ఓబులేసు రెండు చేతులూ వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. గీత కూడా లేదు. అతను పట్టుకుంది కొమ్ములనే. తర్వాత నా వైపు తిరిగారు.

"పిచ్చి కుక్క విషం రక్తంలో పరిగెత్తదయ్యా. గాయం దగ్గరి నరంలోకి దూరి, దాన్ని పట్టుకుని మెల్లగా పైకి పాకుతుంది. మెదడు చేరేదాకా మనిషికి ఏమీ ఉండదు. చేరాక మనం చేసేది ఏమీ ఉండదు. అది చేరేలోపు ఒంటిని తయారు చేయాలి. పద్నాలుగు ఇంజెక్షన్లు. చేతి గాయమంటే దారి దగ్గర. ఆమెను వెంటనే రమ్మను."

మందు కోసం కర్నూలుకు తంతి కొట్టారు. ఐసు వేసిన ఫ్లాస్కులో అది నంద్యాల మీదుగా రైల్లో రెండో రోజు దిగింది. నేను ఓబులేసుకు, "ఈరోజే పోయి మల్లమ్మక్కకు చెప్పు, రేపు పొద్దున్నే ఇక్కడుండాల," అని గట్టిగా చెప్పాను. చెప్తానన్నాడు.

ఇక్కడినుంచి నేను చెప్పబోయేది నాకు నచ్చదు.

మల్లమ్మ రాలేదు. మర్నాడు రాలేదు. ఆ పై రోజూ రాలేదు. డాక్టరుగారు అడిగినప్పుడల్లా "వస్తుంది సార్, కబురు పోయింది," అన్నాను. రాచర్ల ఎంత దూరమని? బస్సెక్కితే పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. కానీ ఎండలు ముదిరాయి. ఆస్పత్రిలో పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. కబురు పంపాను కాబట్టి నా వంతు అయిపోయిందనుకున్నాను. నరాల మీద అన్నేసి పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక నరంలో ఏదో పైకి పాకుతోందని తెలిసి కూడా ఆరు రోజులు కాలు కదపలేదు. ఏడో రోజు పొద్దున డాక్టరుగారు చేతిలో కలం బల్లమీద పడేసి, "ఇక నువ్వే పో," అన్నారు.

పోయాను. ఓబులేసు అసలు చెప్పనే లేదు. పిచ్చి బర్రె అని ఊళ్ళో తెలిస్తే దాని పాలు తాగినవాళ్ళూ నెయ్యి కొన్నవాళ్ళూ తనను బతకనివ్వరని భయం. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటుండగానే మల్లమ్మ, నాగులు మందను తోలుకుని నల్లమలకు పోయారట. కింద గడ్డి ఎండిపోయింది మరి. నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతున్నంతసేపూ ఆ తిట్లలో సగం నావేనని తెలుస్తూనే ఉంది.

మర్నాడు ప్యాసింజరు రైల్లో దిగువమెట్ట దిగి, అడవి అంచునే నడిచి, కనిపించిన కాపరినల్లా అడుగుతూ పోయాను. ఎండిన వాగులో చెలమ తవ్వుకుని గొర్రెలకు నీళ్ళు పెడుతూ కనిపించింది. నన్ను చూసి నవ్వింది. "ఏంది శెట్టీ, గొర్రెలు కాయను వచ్చినావా?" అంది. నాగులు గొంగడి పరిచి కూర్చోమన్నాడు. నేను ముందు ఆవిడ చేయి చూపమన్నాను. కణుపుల మీద పక్కులు రాలిపోయి, కొత్త తోలు గులాబిరంగులో మెరుస్తోంది. చక్కగా మానిపోయింది. ఆ మానిన గాయం చూస్తే నాకు మరింత భయం వేసింది.

విషయం చెప్పాను. నాగులు నమ్మలేదు. "కుక్క యాడ కరిచినాది? కరిచింది బర్రెను గదా. బర్రె దీన్ని కరవను గూడా కరవలా," అన్నాడు. మల్లమ్మ అతని మాట పట్టించుకోలేదు. తన చేతినే చూసుకుంటూ ఉంది.

"ఆ బర్రె గొంతు నా చేతిని పట్టుకోలా," అంది. "ఎందుకు పట్టుకోలేదా అని అనుకుంటానే ఉండా. తలకాయినుంచి మాట రాక. అంతేనా?"

"అంతే అక్కా."

"ఇప్పుడది నాలో ఎక్కతా ఉందా?"

"ఎక్కుతుందో లేదో చెప్పలేం. ఎక్కకముందే సూదులు వేయాలి."

"యాడిదాకా వచ్చింటాది ఇప్పటికి? మోచెయ్యి దాటింటాదా?"

నాకు తెలియదు. తెలియదని చెప్పటం నాకు అలవాటు లేదు. ఆవిడ చేతికి అంటిన బురద కడుక్కుని, మందను నాగులుకు అప్పగించి, నా వెంట నడిచింది. దారిలో ఎందుకు ఆలస్యంగా వచ్చావని అడుగుతుందేమోనని నేలచూపులు చూస్తూ నడిచాను. అడగలేదు. కబురు ఓబులేసు దగ్గర ఆగిపోయిందని మాత్రం నేనే చెప్పాను. నా ఆరు రోజుల సంగతి చెప్పలేదు.

ఆ సాయంత్రమే మొదటి సూది పడింది. బొడ్డు చుట్టూ రోజుకొకటి. పెద్ద సూది, పెద్ద మోతాదు. గట్టి మొగవాళ్ళు కూడా బల్ల అంచు పట్టుకుని కేకలు పెట్టేవాళ్ళు. మల్లమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ పడుకునేది. మా ఇంటి వెనక వసారాలో ఉండేది. మా అమ్మ వండిపెట్టేది. రోజంతా ఏమీ తోచక మా దుకాణం బియ్యంలో రాళ్ళు ఏరేది.

మూడో రోజు ఆవిడ చేతిమీద బొగ్గు గీత ఒకటి చూశాను. మోచేతికి బెత్తెడు పైన అడ్డంగా గీసి ఉంది. ఏందక్కా ఇది అంటే, "ఈరోజుకు ఇక్కడికి వచ్చింటాది," అంది. నాకు ఒళ్ళు మండింది. లోకంలో ఎవరూ దాన్ని అలా వేళ్ళతో కొలవలేరని కోప్పడ్డాను. తడిగుడ్డ తెచ్చి తుడిచేశాను. మర్నాడు గీత రెండు వేళ్ళు పైకి జరిగి ఉంది. మళ్ళీ తుడిచాను. ఆ మర్నాడు ఇంకో రెండు వేళ్ళు. ఇక తుడవటం మానేశాను. ఇంజెక్షను వేసే ముందు ఆ గీత ఎక్కడుందో చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. తొమ్మిదో రోజుకు అది భుజం మీద రవిక అంచుకింద దూరిపోయింది.

పదో రోజు సూది వేయించుకుని బయటికి వస్తుంటే బజారునుంచి ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. సంతకు వచ్చిన బండి ఎద్దు మామిడికాయ మింగింది. గొంతు చూసే ఆమె ఇక్కడే ఉందని ఎవరో చెప్పారట. నేను అడ్డుపడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని నడిచింది. ఆముదం సీసా పట్టుకుని నేను వెనక పరిగెత్తాను.

అన్నీ మామూలుగానే జరిగాయి. చేయి కడుక్కుంది. ఆముదం పూసుకుంది. రోకలి ముక్క పెట్టించింది. చేయి లోపలికి పోయింది. ఆవిడ కళ్ళు అలవాటుగా ఎటో వీధి వైపు తిరిగాయి. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. చుట్టూ జనం మూగారు. ఆవిడ నుదుట చెమట పట్టింది. కళ్ళు వీధి వదిలి నా మీదికి వచ్చాయి.

"ఉంది శెట్టీ," అంది మెల్లగా. "అరచేతి కిందనే ఉంది. పట్టుకోలేకుండా ఉండా."

"జారుతోందా?"

"జారడం లే. ఏళ్ళు ముడుచుకోవడం లే. ముడుచుకోమని చెప్తానే ఉండా."

చేయి బయటికి తీసింది. ఖాళీగా ఉంది. జనంలో ఎవరో ఏదో అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. "నీ చెయ్యి పెట్టు," అంది నాతో. నేను వెనకాడాను. "ఎద్దు సచ్చిపోతా ఉంది. పెట్టు," అంది. నా చేతికి ఎడమచేత్తో ఆవిడే ఆముదం పూసింది. ఆవిడ చెబుతూ ఉంటే నేను చేశాను. నాలుక మీదుగా కాదు, పైనుంచి పో. వేళ్ళు కలిపి ముక్కులా పెట్టు. అది బిగిస్తే ఆగు, వదిలినప్పుడు జరుపు. ఎద్దు గొంతు నా చేతిని ఎముకలు విరిగేలా పట్టుకుంది. ప్రాణమున్న గొంతుకు ఎంత బలముంటుందో అప్పుడు తెలిసింది. కాయ తగిలింది. వేళ్ళు దాని చుట్టూ ముడుచుకున్నాయి. ముడుచుకోమని నేను వాటికి చెప్పినట్టు కూడా గుర్తులేదు.

కాయ బయటికి వచ్చేసరికి జనం నన్ను మెచ్చుకున్నారు. నేను మల్లమ్మను చూశాను. ఆవిడ తన కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని బండి చక్రానికి ఆనుకుని కూర్చుంది. బొటనవేలి మొదట్లో కండ సన్నగా, ఆగి ఆగి, తనంతట తాను అదురుతోంది.

"చూడు," అంది. "నేను చెప్పకుండానే ఆడతా ఉంది. రెండు దినాలనుంచి చీమలు పారినట్టు ఉంది శెట్టీ. నీకు చెప్పలా. నువ్వు కోప్పడతావని."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయంత్రానికి జ్వరం వచ్చింది. డాక్టరుగారు చూసి, నన్ను వరండాలోకి పిలిచి, నాగులుకు కబురు చేయమన్నారు. ఈసారి నేను కబురు పంపలేదు, స్వయంగా పోయాను. పొద్దున బండికి దిగువమెట్ట పోయి సాయంత్రానికి నాగులును తీసుకొచ్చాను. రైల్లో అతను ఒకటే అడిగాడు, ఇంకా నాలుగు సూదులు మిగిలినాయి గదా అని. మిగిలాయన్నాను.

మేము వచ్చేసరికి ఆవిడను ఆస్పత్రి చివరి గదిలో ఒంటరిగా పెట్టారు. దాహంగా ఉందంది. గ్లాసుతో నీళ్ళు తీసుకుపోయాను. పెదవులదాకా పోలేదు. నీళ్ళు చూడగానే ఆవిడ మెడ నరాలు తాళ్ళలా లేచాయి. గొంతు లోపల ఏదో గట్టిగా మూసుకుపోయింది. ఊపిరి ఆడక తల వెనక్కి విరుచుకుంది. గ్లాసు నా చేతిలోంచి పడిపోయింది. నాగులు, "దాని గొంతులో ఏందో అడ్డం పడింది శెట్టీ, తీయి, బయటికి తీయి," అంటూ ముందుకు దూకాడు. నేనూ నర్సూ కలిసి అతన్ని బయటికి లాక్కొచ్చాం.

ఆ జబ్బులో అన్నిటికంటే క్రూరమైనది ఏమిటంటే, ఒక మూర్ఛకూ ఇంకో మూర్ఛకూ మధ్య మనిషికి తెలివి పూర్తిగా ఉంటుంది. కాస్త తెరిపి ఇచ్చినప్పుడు ఆవిడ నన్ను పిలిచింది. మంచానికి దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎందుకు అంత దూరంగా ఉన్నానో ఆవిడకు తెలుసు.

"నా గొంతులో ఏం లేదు శెట్టీ," అంది. మాట బొంగురుపోయింది. "నాకు తెలుసు. లోపలి కండలన్నీ ఊరికే మూసుకుంటా ఉండాయి. నాగులుకు తెలవదు. ఎతకతానంటాడు. ఎతకనియ్యొద్దు."

"సరే అక్కా."

"నా నోట్లో ఎవురి చెయ్యీ పోగూడదు. పానముండంగనే కాదు, పోయినాంక గూడా. మావోళ్ళు బియ్యం పెడతారు. ఒక్కరు గాదు, ఊరంతా పెడతారు. ఎవురి ఏలికి ఏ గీత ఉంటాదో. పెట్టనియ్యొద్దు. నాకు మాటియ్యి."

మాటిచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం పోయింది. అప్పటికి నాలుక కూడా కదలటం మానేసింది.

బండిలో వేసుకుని ఊరికి తీసుకుపోయాం. డాక్టరుగారు నన్ను కూడా పంపారు. వాళ్ళలో పూడుస్తారు. పూడ్చే ముందు మొగుడు మొదలుపెట్టి, అయినవాళ్ళందరూ వరసగా మూడేసి వేళ్ళతో బియ్యం తీసుకుని పోయినవాళ్ళ నోట్లో పెడతారు. అలా పెట్టకుండా పంపితే ఆ మనిషి ఆకలితో గడప చుట్టూ తిరుగుతుందంటారు. దారి పొడుగునా నాగులుకు చెప్పుకుంటూ వచ్చాను. తల ఊపాడు. కానీ గుంట దగ్గర ఎవరో చేటతో బియ్యం తెచ్చి ముందు పెట్టేసరికి అతను అన్నీ మరిచిపోయాడు. గుప్పిట్లో బియ్యం తీసుకుని వంగాడు.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ నా మీదికి వచ్చారు. బేరగాళ్ళ బిడ్డవు, మా చావుల్లో నీకేం పని అన్నారు. ఎవరో ముసలావిడ నా చొక్కా పట్టుకుని లాగింది. నాగులు విడిపించుకోవాలని చూశాడు. చేతకాక నా మొహంలోకి చూశాడు.

"శెట్టీ, ఒక్క గింజ," అన్నాడు. "ఒక్కటే. అది మూడు దినాలాయె నీళ్ళన్నా తాగి. నీ కాళ్ళు మొక్కుతా. ఒక్క గింజ పెట్టుకోనీ."

"వద్దన్నది నేను కాదు నాగులన్నా. ఆమె వద్దనింది."

నాగులు ఎడమచేత్తో నా చెంపమీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను వదల్లేదు. అతని వేళ్ళు అలసిపోయి ఒకటొకటిగా తెరుచుకుని, బియ్యం మట్టిలో రాలిపోయేదాకా పట్టుకునే ఉన్నాను. ఖాళీ నోటితోనే ఆవిడను పూడ్చారు.

ఆ ఊళ్ళో ఎవరికీ ఆ జబ్బు రాలేదు. డాక్టరుగారు ఒకసారి, "ఆ ఆరు రోజులు ముందే మొదలుపెట్టి ఉంటే బతికేదేమో," అన్నారు. ఇంకోసారి అడిగితే, "చెప్పలేం," అన్నారు. నేను మూడోసారి అడగలేదు.

నాగులు ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికాడు. గిద్దలూరు సంతకు వచ్చేవాడు. మా దుకాణం ముందునుంచే పోయేవాడు. నన్ను చూస్తే ఉమ్మేసి, మల్లమ్మను ఆకలితో పంపినవాడని పక్కవాళ్ళకు చూపించి తిట్టేవాడు. నేను తలవంచుకుని వినేవాణ్ణి. ఒక్కసారైనా ఎదురు చెప్పలేదని ఊళ్ళో నన్ను సహనశీలి అన్నారు. నాగులు తిట్టింది ఆ బియ్యం గింజల కోసమే. నేను కదలకుండా కూర్చున్న ఆరు రోజుల సంగతి అతనికి తెలియదు. అతను పోయేదాకా నేను చెప్పలేదు.